చిలకమ్మ కిటికీ

సుంకన్న ఆ కార్డును రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబుద్ధి కాలేదు.

నల్లమల అంచున ఉన్న ఆ చిన్న మఠంలో అతను చేరి మూడేళ్లు. ఓబుళయ్య స్వామి దగ్గర అట్టల మీద బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాడు. అక్కడ వేసిన బొమ్మ అమ్మరు. దారిన పోయే యాత్రికులు ఓ పూట ఆగి, తమ వైపు ఎవరికైనా పంపమని పేరూ ఊరూ చెప్పి వెళ్తారు. ఆ మనుషులెవరో స్వామికి తెలియదు. అయినా ప్రతి పున్నమికీ నాలుగైదు బొమ్మలు తపాలాలో వెళ్లిపోతాయి. వెనక మఠం చిరునామా తప్ప, వేసినవాళ్ల పేరు కూడా ఉండదు.

పోయిన పున్నమికి మొదటిసారి సుంకన్న బొమ్మ వెళ్లింది. వాగు దాటుతున్న గొర్రెల మంద. అతను గొర్రెలు కాసిన ఇంటివాడే. నీళ్ల మధ్య బెదిరి నిలబడిపోయిన గొర్రెపిల్లనూ, దాన్ని మూతితో నెడుతున్న తల్లినీ వేయడానికే ఆరు రోజులు పట్టింది. మొత్తం ఇరవై రెండు రోజులు. పాడేరు అవతల ఏదో కొండమీది పల్లెకు పంపారు. అప్పటినుంచి తపాలా ఆయన సైకిలు గంట వినబడితే చాలు, కుంచె కింద పెట్టి వాకిట్లోకి పోయేవాడు.

ఇవాళ జవాబు వచ్చింది.

స్వామి అరుగు మీద కూర్చుని రంగు నూరుతున్నాడు. సుంకన్న వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"స్వామీ, ఇంక నా బొమ్మలు పంపొద్దు."

"ఏమైంది నాయనా?"

సుంకన్న కార్డు పైకి చదివాడు. "అయ్యా, గొర్రెల బొమ్మ అందింది. మా కిటికీకి ఒక అద్దం పగిలి ఏడాదైంది. మీ అట్ట దానికి సరిగ్గా సరిపోయింది. చలిగాలి ఆగింది. మా అత్తకు దగ్గు కూడా తగ్గింది. పక్క రెక్కకూ అద్దం లేదు. ఇంకోటి ఉంటే పంపుతారా? ఇట్లు, చిలకమ్మ."

అతను కార్డు దించాడు. "బాగుందని ఒక్క మాట రాయలేదు స్వామీ. కిటికీకి కొట్టుకుంది!"

స్వామి నూరడం ఆపాడు.

"కొలత రాసిందా?"

సుంకన్నకు అర్థం కాలేదు. కార్డు తిప్పి చూశాడు. "రాసింది. జానెడున్నర వెడల్పు, రెండు జానలు పొడవు."

స్వామి చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాడు. గోడకు ఉన్న వెన్నెల అడవి బొమ్మను దించి తెచ్చాడు. ఒక వానాకాలమంతా కూర్చుని వేసిన బొమ్మ అది. దాన్ని చూడడానికే ఏటా వచ్చేవాళ్లున్నారు. స్వామి దాని మీద జాన వేసి కొలిచాడు. నాలుగు వేళ్లు ఎక్కువుంది. కత్తెర అందుకున్నాడు.

"స్వామీ, వద్దు!" సుంకన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంతే ఉంటే పట్టదు నాయనా."

సుంకన్న పట్టు వదిలాడు. కత్తెర మెల్లగా నడిచింది. చెట్ల కొసలూ, సగం చందమామా తెగి అరుగు మీద పడ్డాయి. స్వామి అట్టను బోర్లా పెట్టి, వానకు నానకుండా వెనకంతా తేనెమైనం రుద్దాడు.

"కట్టు. మధ్యాహ్నం తపాలాకు అందాల."

సుంకన్న చాలాసేపు ఆ కార్డునే చూస్తూ కూర్చున్నాడు. "మా అత్తకు దగ్గు కూడా తగ్గింది" అన్న చోట అక్షరాలు కాస్త పెద్దవిగా ఉన్నాయి. ఇందాక చదివినప్పుడు అది గమనించలేదు.

తర్వాత లేచి కాగితం, పురికొస తెచ్చాడు. చిన్న చీటీ ఒకటి రాసి స్వామికి చూపించాడు.

"అమ్మా, బొమ్మ ఉన్న వైపు ఇంట్లోకి ఉండేట్టు పెట్టుకోండి. ఎండా వానా తగిలితే రంగులు పోతాయి."

స్వామి చదివాడు. చీటీ తిరిగి అతని చేతిలో పెట్టాడు.

"కిటికీ ఆమెది కదా, సుంకన్నా."

సుంకన్న చీటీ మడిచి పక్కన పెట్టాడు. అట్టను వెల్లకిలా తిప్పి, మైనం ముద్ద తీసుకుని, బొమ్మ వైపు కూడా రుద్దడం మొదలుపెట్టాడు.