పసుపు తాగిన గజలక్ష్మి

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, ఒక బండి ఉండేది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో చిట్టీ, అప్పుడు చెబుతాను. ఆ. అది పికప్ బండి. ఎంత ఉండేదంటావా? లారీకి చెల్లెలు, ఆటోకి పెద్దక్క. ముందు అద్దం పైన ఎర్ర రంగుతో 'గజలక్ష్మి' అని రాసి ఉండేది. మీ అమ్మకంటే వయసులో పెద్దది ఆ బండి.

ఆ ఊరు కొండ కింద ఉండేది. ఊరు ఊరంతా పసుపే పండించేవాళ్ళు. సంత మాత్రం కొండ మీద, ప్రతి సోమవారం. సంతకి పోవాలంటే ఘాటీ ఎక్కాలి, అంటే కొండ రోడ్డు. ఘాటీకి మూడు మలుపులు. మొదటిది మేకల మలుపు. రెండోది తేనెపట్టు మలుపు. మూడోది ఆయాసం మలుపు. అక్కడ మనుషులకే కాదు, బండ్లకి కూడా ఊపిరాడదు, అందుకే ఆ పేరు.

ఆ బండి నడిపేది ఎవరనుకున్నావు? పైడమ్మ. ఆడపిల్లే! చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి సీటెక్కిందంటే ఎదురొచ్చే బస్సు డ్రైవర్లు కూడా దారిచ్చేవాళ్ళు. బండి వాళ్ళ నాన్న కొన్నది. ఆయన పోయాక కాగితాలు అన్న అప్పలకొండ పేరు మీదికి వచ్చాయి, స్టీరింగు పైడమ్మ చేతికి వచ్చింది. అప్పలకొండకి డ్రైవింగ్ రాదు. ఘాటీ ఎక్కితే వాంతులు కూడా. నవ్వకు, పాపం.

అలా రోజులు బాగానే గడుస్తున్నాయి. అప్పుడు ఒక సోమవారం, పసుపు బస్తాలతో వెళ్తూ వెళ్తూ, ఆయాసం మలుపు దగ్గర గజలక్ష్మి బుస్సుమంది. ముందునుంచి ఆవిరి తన్నుకొచ్చింది. ఇంజను మరిగిపోయింది. ఆ రోజు సంత పోయింది.

ఆ తర్వాత సోమవారం తేనెపట్టు మలుపు దగ్గరే బుస్సుమంది. ఆ పై సోమవారం మేకల మలుపు కూడా దాటలేదు. పైగా వాన. బస్తాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఏడాది కష్టం నీళ్ళపాలైతే ఎవరికి కడుపు మండదు చెప్పు? ఊరంతా అప్పలకొండ గుమ్మం ముందుకొచ్చి కూర్చుంది.

అప్పుడు అప్పలకొండ ఏం చేశాడో తెలుసా? పాత ఇనుము కొనే దాలయ్యకి కబురు పెట్టాడు. "వచ్చే సోమవారం కొండ మీద సంతకి వస్తావు గదా, అక్కడే మాట్లాడుకుందాం. బండి నీదే" అని మాటిచ్చేశాడు.

దాలయ్య దగ్గరికి వెళ్ళిన బండి మళ్ళీ బండిగా తిరిగి రాదు తల్లీ. మంటపెట్టి ముక్కలు కోసి, తలుపు ఒకవైపు, చక్రం ఒకవైపు తూకం వేసి అమ్మేస్తాడు.

ఆ కబురు పైడమ్మ చెవిన పడింది. బండి పోతే ఆమెకి మిగిలేది ఏముంది? పొద్దున్నే గొడ్డలి పట్టుకుని పొయ్యిలోకి కట్టెలు కొట్టడం, పొద్దుగూకే దాకా ఎవరిదో పసుపు ఉడకబెట్టడం. స్టీరింగు పట్టిన చెయ్యి అది. ఆ చెయ్యి ఊరుకుంటుందా?

"అన్నా, నాకు ఈ ఆదివారం దాకా టయిమివ్వు. సోమారం నిండు బస్తాల్తో ఘాటీ ఎక్కించీసి సూపిస్తాను. ఎక్కపోతే నీ ఇష్టం" అంది.

అప్పలకొండ తలొంచుకుని "సరే" అన్నాడు. సరే అన్నాడు గాని, నమ్మకంతో అన్నది కాదులే.

అప్పుడు పైడమ్మ ఇంకో బండి వెనక తాడు కట్టించుకుని గజలక్ష్మిని పట్నం లాక్కెళ్ళింది. మొదటి మెకానిక్కు బోనెట్టు ఎత్తి "ఇంజను మార్చాలి" అన్నాడు. రెండోవాడు బోనెట్టు సగం ఎత్తి "బండే మార్చాలి" అన్నాడు. మూడోవాడు టీ తాగుతున్నాడు, బోనెట్టే ఎత్తలేదు. గ్లాసు కింద పెట్టకుండా "డ్రైవర్ని మార్చాలి" అన్నాడు. ఒళ్ళు మండింది పైడమ్మకి. నాకైతే చెప్పుతో సమాధానం చెప్పాలనిపించేది. ఆవిడ మాత్రం పళ్ళు కొరుక్కుని, బండిని మళ్ళీ తాడుతో లాగించుకుని ఇంటికొచ్చేసింది.

ఇంటికొచ్చి బండి ముందు గొంతుక్కూర్చుంది. ఆలోచించింది. బండి ముందు రేడియేటర్ అని ఒకటుంటుంది. ఏంటంటావా? నిలువుగా సన్నసన్న గొట్టాలు, గొట్టాల మధ్య జల్లెడలాంటి రేకులు. ఇంజను దగ్గర కాగిన నీళ్ళు ఆ గొట్టాల్లోంచి కిందికి దిగుతుంటే, గాలి తగిలి చల్లారతాయి. మనం పాలు రెండు గ్లాసుల్లో తిరగబోసి చల్లార్చుకోమూ? అదే పని.

అప్పుడు పైడమ్మ ఇంజను కాసేపు నడిపి ఆపింది. ఒక తడిగుడ్డ తెచ్చి రేడియేటర్ ముఖమంతా తుడిచింది. తుడిచి చూస్తూ కూర్చుంది. ఈ అంచునా ఆ అంచునా తడి చిటుక్కున ఆరిపోయింది. నడుమంతా తడి తడిగానే ఉండిపోయింది. అంటే ఏంటి? అంచుల్లో వేడినీళ్ళు పారుతున్నాయి. నడుమ ఏమీ పారడం లేదు. గొట్టాలు పూడిపోయాయి!

ముగ్గురు మగమహారాజులకి దొరకని జబ్బు, ఒక తడిగుడ్డకి దొరికింది.

అప్పుడు కింద మర తిప్పి నీళ్ళు వదిలింది. నీళ్ళు రాలేదు. పచ్చగా, చిక్కగా, ముద్దపప్పులాగ జారింది. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు! అచ్చమైన వాళ్ళ ఊరి పసుపు!

పైడమ్మ ఆ పచ్చముద్ద గిన్నెలో పట్టుకుని వీధిలోకి వచ్చింది. "ఎవరు పోసినారు నా బండిలో పసుపు?" అని ఒక్క కేక వేసింది. కోళ్ళు కూడా గోడెక్కాయి.

ముందు ఎదురింటి చినపాపమ్మ వచ్చింది. "నానొక్క సెంచాయే యేసినానే, ఒట్టు. బండి కారతందని తెలిసి మనసొప్పక యేసినాను" అంది. ఆ తర్వాత మూలింటి సన్యాసి తాత వచ్చాడు. "నాను గుప్పెడే యేసినానమ్మా. గాయానికి పసుపే గదా మందు" అన్నాడు. ఆ తర్వాత ఎవరొచ్చారో చెప్పుకో చూద్దాం.

అప్పలకొండ! చేతులు నులుముకుంటూ వచ్చాడు. "నువ్వు సంతకి బయల్దేరే ముందు వారం వారం నానూ యేసినాను చెల్లీ. దారిలో నీకేటీ కాకూడదని" అన్నాడు.

పైడమ్మ వాళ్ళందరినీ తిట్టబోయి నోరు మూసుకుంది. ఎందుకో తెలుసా? మొదట పసుపు వేసింది తనే. మూడేళ్ళ కిందట రేడియేటర్‌కి సూదిమొనంత చిల్లు పడితే, అప్పటికప్పుడు ఆపడానికి చిటికెడు పసుపు వేసింది. చిల్లు పూడింది. డ్రైవర్లందరూ చేసే పనే అది. కానీ పసుపు ఊళ్ళో ఆ మాట ఊరుకుంటుందా? ఇంటింటికీ పాకింది. బండి వీధిలో ఆగినప్పుడల్లా ఎవరికి వాళ్ళు, ఎవరికీ తెలియకుండా, ప్రేమగా ఒక్క చెంచా. ఊరంతా కలిసి ప్రేమతో దాని గొంతు నొక్కేశారు.

"తప్పు నాదే, మొదలెట్టింది నానే" అంది పైడమ్మ. అని, పకపకా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి.

"మరి దాలయ్యకి వద్దని చెప్పీ అన్నా" అంది. అప్పలకొండ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మాటిచ్చీసినాను చెల్లీ. అతను కూడా ఎదురు సూస్తాడు. నువ్వు ఎక్కించి సూపించు, అప్పుడు నానే సెప్తాను" అన్నాడు.

అంతే. ఇంక పైడమ్మకి తిండి మీద ధ్యాస లేదు. రేడియేటర్ విప్పి కిందికి దించింది. పసుపు కొమ్ములు ఉడకబెట్టే పెద్ద బాణలిలో నీళ్ళు మరిగించి, చాకలిసోడా కలిపి, అందులో నానేసింది. ఆ తర్వాత పొలం మోటారు పైపు తెచ్చి, పైనుంచి కాదు, కింది నుంచి పైకి నీళ్ళు కొట్టించింది. పూడిన గొట్టంలో వచ్చిన దారినే తోస్తే ఇంకా బిగుసుకుంటుంది, ఎదురు తోస్తేనే వదులుతుంది. మొదటిసారి పచ్చటి ముద్దలొచ్చాయి. రెండోసారి పచ్చటి నీళ్ళొచ్చాయి. మూడోసారి తెల్లగా, తేటగా వచ్చాయి. చూడ్డానికొచ్చిన వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

అయితే ఇంకో చిక్కు వచ్చింది. పసుపు పోయింది కదా, దానితో మూసుకున్న పాత చిల్లు మళ్ళీ తెరుచుకుంది. సన్నగా ధార కట్టింది. శనివారం మధ్యాహ్నమైపోయింది. పట్నంలో కొత్త రేడియేటర్ దొరకాలంటే వారం పడుతుంది.

అప్పుడు గిన్నెలకి కళాయి వేసే సూరన్న సైకిలు మీద వీధిలోకి వచ్చాడు. పైడమ్మ పరిగెత్తుకెళ్ళి హ్యాండిల్ పట్టుకుంది. "మామా, ఇది ఇత్తడిదే. దీన్ని అతుకు" అంది. సూరన్న ఎప్పుడూ బండి సామాను ముట్టినవాడు కాదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "గిన్నెయితేనేటి, బండయితేనేటి, కారకుండా ఆగాలి, అంతే గదా" అన్నాడు. కొలిమి ఊది, నవాసాగరం అనే తెల్లటి ఉప్పు చల్లి, తగరం కరిగించి చిల్లు మీద అద్దాడు. ఘాటైన పొగకి అందరూ దగ్గారు. పొగ తగ్గాక చూస్తే చిల్లు లేదు. అక్కడ వెండి బొట్టు పెట్టినట్టు మెరుస్తోంది.

ఆదివారం అంతా బిగింపులే. కొత్త రబ్బరు గొట్టాలు వేసింది. వదులైన ఫ్యాన్ బెల్టు బిగించింది. నల్లగా గడ్డకట్టిన ఇంజనాయిలు తీసి కొత్తది పోసింది. రేడియేటర్‌లో వాననీళ్ళు వడగట్టి నింపింది. మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి వేసుకుని కాసేపు అలాగే నిలబడింది. ఏం మొక్కుకుందో నాకు చెప్పలేదు.

సోమవారం తెల్లారింది. నలభై బస్తాలు ఎక్కించారు. బయల్దేరబోతుంటే ఆడవాళ్ళందరూ వచ్చేశారు, చేతుల్లో మళ్ళీ పసుపు! అలవాటు పోతుందా? పైడమ్మ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

"అమ్మల్లారా! నా బండికి నుదుటన పెట్టండి. కడుపులో పొయ్యకండి!"

అందరూ నవ్వుకుంటూ గజలక్ష్మి నుదుటన బొట్లు పెట్టారు. బండి పెళ్ళికూతురైపోయింది.

అప్పుడు బండి కదిలింది. మేకల మలుపు వచ్చింది. వేడి చూపించే ముల్లు పావు దగ్గర ఉంది. దాటేసింది. తేనెపట్టు మలుపు వచ్చింది. ముల్లు సగం దాకా వచ్చి ఆగింది. దాటేసింది. ఆ తర్వాత ఆయాసం మలుపు. ముందు వెళ్ళిన కొత్త బండి ఒకటి పక్కన ఆగి, బోనెట్టు ఎత్తుకుని రొప్పుతోంది. పైడమ్మ దాని పక్కనుంచి బండి తిప్పింది. ఫస్ట్ గేరు వేసింది. ముల్లు వైపు చూడలేదు, రోడ్డు వైపే చూసింది. గజలక్ష్మి గుర్రుమంటూ, బరువంతా మోసుకుంటూ, ఒక్కొక్క అడుగే ఎక్కింది. ఎక్కింది. ఎక్కేసింది! ముల్లు సగం నుంచి వెంట్రుకవాసి కదల్లేదు!

సంతలో దాలయ్య తూకం కాటా పెట్టుకుని, ఇనుము కోసే మిషను పక్కన పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. పక్కన అప్పలకొండ. పొద్దున్నే బస్సులో వచ్చి, వాంతి చేసుకుని, నీరసంగా ఉన్నాడు. అప్పుడు వినబడింది హారను. పాం... పాం... పాం! సంతలో జనమంతా తిరిగి చూశారు. నుదుటి నిండా పసుపుతో, నెత్తి మీద నలభై బస్తాలతో గజలక్ష్మి వచ్చి ఆగింది. ఒక్క చుక్క కారలేదు, కాస్త పొగ కూడా రాలేదు.

అప్పలకొండ నీరసమంతా ఎటు పోయిందో! లేచి నిలబడ్డాడు. సంత మొత్తానికి వినబడేలా అన్నాడు.

"దాలయ్యా, మాట తప్పుతున్నాను, నన్ను తిట్టుకో. ఈ బండి అమ్మడానికి నాది కాదు. ఇది మా చెల్లిది! కాగితాలు కూడా రేపే మార్పించీస్తాను!"

పైడమ్మ సీట్లోంచి దిగలేదు. దిగలేకపోయింది. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. అది బాధ ఏడుపు కాదు చిట్టీ, గెలిచిన ఏడుపు. నువ్వు కూడా ఎప్పుడో ఒకరోజు ఏడవాలి అలా.

సాయంత్రం బస్తాలన్నీ అమ్ముడుపోయాయి. బస్సేమో వెళ్ళిపోయింది. దాలయ్య కాటా భుజాన వేసుకుని నసుగుతూ వచ్చాడు. "అమ్మా, కిందికి నానూ రావచ్చునా?" అన్నాడు. "ఎక్కు బాబూ, వెనకాల చోటుంది" అంది పైడమ్మ. గజలక్ష్మిని ముక్కలు చేద్దామని తెచ్చిన మిషను మీదే కూర్చుని, గజలక్ష్మి మీదే మూడు మలుపులూ దిగాడు మహానుభావుడు.

ఇంక కళ్ళు మూసుకో. నాతోపాటు అను.

బండి ఎక్కింది కొండకి,
పసుపు చేరింది సంతకి,
కథ వెళ్ళింది కంచికి,
కునుకు రావాలి కంటికి.