నీళ్ళలో కాళ్ళున్న ఇల్లు

అనగనగా ఒక ఊళ్ళో... మన ఊళ్ళో కాదర్రా, డెన్మార్కని, సముద్రాల అవతల చలిదేశం. ఎప్పుడు వెళ్ళావని అడగకు శేషూ, చదివాను. అంట్లు కడిగాక చదివినా చదువే. ఊ కొట్టండి.

ఆ ఊళ్ళో ఒక జమీందారు బురదనేల మధ్య భవంతి కట్టించాడు. వాడికి దొంగలంటే భయం, తన రైతులంటే ఇంకా భయం. అంతమందిని వెట్టికి పీడిస్తే భయం ఉండదూ? అందుకని ఇంటి చుట్టూ అగడ్త తవ్వించి నీళ్ళు నింపించాడు. అన్నీ వాడే చేశాడంటారు. చేసినవాళ్ళ పేర్లు ఎవడు రాసుకున్నాడు గనక! నడుమ రాళ్ళు పరిచిన వాకిలి, నాలుగు వైపులా ఎర్రిటుకల ఇళ్ళు, కొసగోడలు పైకి పోయేకొద్దీ మెట్లు మెట్లుగా. లోపలికి ఒక్కటే వంతెన. మన మండువా లోగిలిని పదింతలు చేసి నీళ్ళలో కూచోబెట్టినట్టు అనుకోండి.

మరి బురదలో అంత ఇల్లు ఎలా నిలిచింది? ఓక్ చెట్ల దుంగల్ని పక్కపక్కన బురదలోకి దిగ్గొట్టారు. ఇల్లు గోడ మీద, గోడ రాయి మీద, రాయి దుంగ మీద, దుంగ బురదలో, బురద నీళ్ళలో. నీళ్ళలో మునిగున్నంత కాలం ఆ కర్ర ఇనుమే. గాలి తగిలిందా, పుచ్చిపోతుంది. మగవాళ్ళు యుద్ధాలకి పోయి తిరిగొచ్చేవాళ్ళు కాదు, ఇల్లు చూసుకునేది ఆడవాళ్ళేగా! అందుకని అత్త కోడలికి తాళాల గుత్తి ఇచ్చే రోజున ఈ సంగతి చెప్పడం ఆ ఇంటి ఆనవాయితీ. ఊ కొడుతున్నారా?

కొన్ని తరాలకి గుత్తి కిర్‌స్టెన్ అనే ఆవిడ చేతికొచ్చింది. కొడుకు మారెన్ అనే పిల్లని చేసుకొచ్చాడు. గుత్తి మాత్రం ఈవిడ ఇవ్వదు. ఈ ఏడు కాదు, పై ఏడు. పురుడయ్యాక. పిల్లాడు నడిచాక. ఇచ్చేస్తే ఆ ఇంట్లో తనెవరు? అదీ ఆవిడ బెంగ.

పిల్లాడు నడిచాడు. నడిచి నడిచి అగడ్తలో పడ్డాడు. తోటవాడు జుట్టు పట్టి లాగబట్టి బతికాడు. మారెన్ బిడ్డని గుండెకి అదుముకుని, ఈ నీళ్ళు నాకొద్దు, తీయించేయమని మొగుడి మీద పడింది. అత్త వద్దంది. ఎందుకొద్దు, మనవడి కంటే మీకు నీళ్ళెక్కువా అంది కోడలు.

ఆ మాట గుచ్చుకుంది. కిర్‌స్టెన్ తన గదిలోకి పోయి తలుపేసుకుంది. దుంగల సంగతి చెప్పాలంటే గుత్తి కూడా ఇచ్చేయాలి మరి! కోడలొచ్చి బతిమాలితే చెబుదాంలే అనుకుంది. కోడలు రాలేదు. అక్కడొక సంగతి ఉందని దానికేం తెలుసు?

"తప్పు అత్తదేగా అమ్మమ్మా?"

"ఊ కొట్టవే వకుళా, తీర్పులు పొద్దున చెబుదువుగాని."

కాలవ తవ్వారు. నీళ్ళు పోయి బురద ఎండింది, బురద ఎండి దుంగ పుచ్చింది, దుంగ పుచ్చి రాయి జారింది, రాయి జారి గోడ బీటలిచ్చింది. ఒక్క రోజులో కాదు, ఏళ్ళ మీద. మొదటి బీట చూసిన రోజే కిర్‌స్టెన్‌కి అర్థమైంది. అప్పుడు చెప్పినా దక్కేది. ఇన్నాళ్ళూ చెప్పక ఇప్పుడు ఏ మొహంతో చెప్పడం? ఆ సిగ్గులో ఇంకొన్నేళ్ళు.

ఒక పొద్దున ఉత్తరం వైపు ఇల్లు పెళపెళమంది. అందరూ వాకిట్లోకి పరుగెత్తారు గనక ప్రాణాలు మిగిలాయి, ఆ వైపు ఇల్లు మిగల్లేదు. దుమ్ము అణిగాక కిర్‌స్టెన్ గుత్తి తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టి, దుంగల సంగతంతా చెప్పింది.

మారెన్ తిట్టలేదు. "ఆ రోజే చెప్పి ఉంటే కంచె కట్టించుకునేదాన్ని కదత్తయ్యా," అంది.

కంచె! నాలుగు కర్రలు, రెండు మోపుల కొమ్మలు. అంతే కావలసింది. ఇద్దరూ ఆ ఇటుకల్లో కూచుని ఏడ్చారు.

కాలవ పూడ్చారు, అగడ్త నింపారు, మూడు వైపులూ నిలిచాయి. పడ్డ పిల్లాడు అప్పటికి మీసాలవాడు. వాడి పిల్లల కోసం కంచె కట్టారు. అత్తాకోడళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నారు, అందరూ సుఖంగానే ఉన్నారు. ఉత్తరం వైపు మాత్రం ఖాళీ. ఇప్పుడు చూడ్డానికొచ్చేవాళ్ళు, ఆహా, గాలీ వెలుతురూ రావాలని ఎంత తెలివిగా ఒక వైపు వదిలారో అంటారట.

చెప్పాల్సింది ఆ రోజే చెప్పేయండర్రా, తిడుతూనైనా సరే.

కథ కంచికి బయల్దేరింది, చలిదేశం నించి పాపం చాలా దూరం నడవాలి. మన ఇల్లు ఇక్కడే ఉంది. పడుకోండి.