పదకొండో నంబరు

ఫోటో స్టూడియో నడిపే మస్తాన్ మాస్టారికి ఒక అలవాటు. శిష్యులు ఏమడిగినా వెంటనే నోరు విప్పరు. కెమెరా చేతికిచ్చి ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తారు. ఈ అలవాటు చూస్తే ఆయన శిష్యురాలు సుభాషిణికి ఒళ్ళు మండేది.

ఆమె అడిగింది చిన్న ప్రశ్నే. "మాస్టారూ, రెండో నంబరు పెడితే లెన్సు కన్నం బార్లా తెరుచుకుంటుంది. మనిషి చక్కగా పడతాడు, వెనకంతా మసకగా, అందంగా ఉంటుంది. మరి కన్నాన్ని చిన్నది చేసే ఈ పదకొండు, పదహారు ఎవరికండీ?" మాస్టారు వినిపించుకోనట్టే చొక్కా గుండీలు పెట్టుకుని, "పద, కుళాయి ప్రారంభోత్సవం ఉంది" అన్నారు.

ఊరి చివర కాలనీలో మునిసిపల్ చైర్మన్ రాఘవులు రిబ్బను కత్తిరించి కుళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది, చుక్క నీరు రాలేదు. ఆయన వెనక ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో పొద్దుటినుంచీ నిలబడి ఉన్నారు. మూడేళ్ళుగా వాళ్ళకి అదే పని. చైర్మన్ నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. మాస్టారు కెమెరాను సుభాషిణి మెడలో వేసి పక్కకు తప్పుకున్నారు.

"నేను స్పష్టంగా పడాలమ్మాయ్. వెనకంతా మసక చేసెయ్. రేపు పేపర్లో రావాలి" అన్నాడు చైర్మన్.

ఆమె వేలు అలవాటుగా రెండు దగ్గరికే వెళ్ళింది. కెమెరా తెరమీద ఆడవాళ్ళంతా రంగు మరకలైపోయారు. చూడ్డానికి బాగానే ఉంది. అంతలో ఒక ముసలామె, "మేమూ పడతామా పాపా? మా బిందెలు కూడా?" అంది. సుభాషిణికి ముందు సిగ్గేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. నంబర్ల చక్రాన్ని టకటకా పదకొండుకి తిప్పింది. కన్నం చిన్నదై వెలుగు తగ్గితే ఐఎస్ఓ పెంచి ఆ లోటు పూడ్చింది. బటన్ నొక్కింది. ఫోటోలో చైర్మన్ మీసం ఎంత స్పష్టంగా ఉందో, వెనక బిందె మీది సొట్టా అంత స్పష్టంగా ఉంది.

రాఘవులు తొంగిచూసి మండిపడ్డాడు. "చెరిపెయ్ దాన్ని! లేకపోతే ఈ ఊళ్ళో మీ స్టూడియోకి ఇంకో పని దొరకదు."

"చెరపనండి. పేపరుకి ఇదే పంపుతాను. నీళ్ళొచ్చిన రోజు పిలవండి, ఇంకోటి తీస్తాను."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. చైర్మన్ కారు తలుపు ధడేలున వేసుకుని వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చే దారిలో సుభాషిణి ధైర్యం కాస్త జారింది. ఆయన అన్నంత పనీ చేసే రకం. "నావల్ల మీ పని పోయింది మాస్టారూ" అంది.

మాస్టారు నడక ఆపలేదు. "మసక చెయ్యడం లెన్సు పని. ఎవర్ని చెయ్యాలన్నది నీ పని" అన్నారు.