ఎదురు మెలిక

ఆచార్య శరభయ్యగారికి ఒక అలవాటుండేది. కొండమీది రేడియో టెలిస్కోపును ఏ పనికి వాడినా సరే, ముందు దాన్ని ఒక పాత పల్సార్ వైపు తిప్పి పది నిమిషాలు వినాల్సిందే. ఆ నక్షత్రం నుంచి వచ్చే అలల తీరు ముప్ఫై ఏళ్ళుగా మారలేదు. "ముందు పెద్దాయన్ను పలకరించండి" అనేవారు. శిష్యులకది చాదస్తంగా తోచేది. కాదనలేక పలకరించేవారు గానీ, ఆయనేం పలికాడో రికార్డు తెరిచి చూసినవాళ్ళు లేరు.

ఒక శుక్రవారం ఉదయం ఆయన శిష్యురాలు వకుళ వచ్చి అడిగింది. "సార్, తప్పు యంత్రానిదా మనిషిదా అన్నది ఎలా తేల్చాలి?"

"ఆ రెండిట్లో ఒకటేనని నువ్వే తేల్చేశావుగా. అసలేం జరిగింది?" అన్నారు శరభయ్యగారు.

జరిగింది ఇదీ. వకుళ ఎనిమిది నెలలుగా ఒకే రేడియో మెరుపు వెంట పడింది. ఎక్కడో దూరపు గెలాక్సీ నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే మెరుపు అది, రెప్పపాటైనా నిలవదు. దాని అలలు ఒక వాలులో ఊగుతూ బయల్దేరతాయి. దారిలో అయస్కాంత క్షేత్రమున్న వాయువు తగిలితే ఆ వాలు మెలి తిరుగుతుంది. ఎనిమిది నెలలూ మెలిక కుడివైపే ఉంది. మంగళవారం మధ్యాహ్నం వచ్చిన మెరుపులో అది ఎడమవైపుకుంది. టెలిస్కోపు రిసీవరు పెట్టెలో నిలువు ఊపుకొక వైరు, అడ్డం ఊపుకొక వైరు ఉంటాయి. రెండూ తారుమారైతే కుడి ఎడమవుతుంది. సరిగ్గా సోమవారంనాడే టెక్నీషియన్ యలమంద ఆ పెట్టె తెరిచాడు. రిజిస్టరులో ఇలా రాశాడు: "కందిరీగల గూడు తీశాను. వైర్లు ముట్టుకోలేదు."

ఆ రెండో వాక్యం వకుళకి ముల్లులా గుచ్చుకుంది. ఎవరడిగారని రాశాడు? ముట్టుకోనివాడికి ఆ మాటతో పనేమిటి? అడిగితే అతను, "ముట్టుకోలేదమ్మా. ముట్టుకుంటే ముట్టుకున్నాననే రాద్దును గదా" అన్నాడు. తడుముకోకుండా చెప్పాడంటే ముందే నేర్చుకుని ఉంటాడనుకుంది. బుధవారం అతను టీ తెచ్చిస్తే కాకా పడుతున్నాడనుకుంది. గురువారం తేకపోతే మొహం చాటేశాడనుకుంది. పాపం, ఆ మనిషి టీ ఇచ్చినా తప్పే, ఇవ్వకపోయినా తప్పే. ఎనిమిది నెలల తన కష్టం ఒకడి చేతి పొరపాటుకి బూడిదలో పోసిన పన్నీరైందని ఆమెకు కడుపు మండిపోయింది. కూర్చుని అతని మీద పట్నం ఆఫీసుకి ఫిర్యాదు ఉత్తరం రాసింది.

"ఈ నెలాఖరుకి అతని కాంట్రాక్టు అయిపోతుంది సార్. ఉత్తరం వెళ్తే మళ్ళీ ఇవ్వరు. పొద్దున్నే టపా సంచిలో వేశాను. పది గంటల జీపులో పట్నం వెళ్తుంది" అంది వకుళ. పధ్నాలుగేళ్ళుగా యలమందకి ఆ కొండే బతుకు.

శరభయ్యగారు గడియారం చూశారు. తొమ్మిదిన్నర. "పద, పెద్దాయన్ను పలకరిద్దాం."

పల్సార్ ఎప్పటిలాగే పలికింది. వైర్లు తారుమారైతే దాని మెలికా తిరగబడి ఉండాలి, వెంట్రుకవాసి తేడా లేదు. వైర్లు సరిగ్గానే ఉన్నాయి. వకుళ మాత్రం తగ్గలేదు. "నేనడిగాక గుట్టుగా సరిచేసి ఉంటాడు సార్. ఇవాళ బాగుంటే మంగళవారం బాగున్నట్టా?"

"మంగళవారం పలకరించావా?"

"పలకరించాను. మెరుపు రావడానికి పావుగంట ముందు."

"ఏమన్నాడు?"

వకుళ కంప్యూటరు వైపు తిరిగింది. మూడు రోజులుగా యలమంద మొహాన్ని వెయ్యిసార్లు చదివిందే తప్ప ఆ రికార్డును ఒక్కసారీ తెరవలేదు. ఇప్పుడు తెరిచింది. మంగళవారం మధ్యాహ్నం పెద్దాయన నిక్షేపంలా ఉన్నాడు. మెలిక ఎప్పటి వైపే ఉంది. ఆ తర్వాత పావుగంటలో ఎవరూ పెట్టె దగ్గరికి పోలేదు. ఆమె కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూర్చుంది. వైర్లు మారలేదంటే ఆకాశమే మారింది. ఆ మెరుపు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రమే దిక్కు మార్చుకుంది! ఎనిమిది నెలలు కాచుకు కూర్చున్నది చేతికందితే, దాన్ని దొంగనాణెమనుకుని మూడు రోజులు ఏడ్చింది.

కింద జీపు స్టార్టయింది. వకుళ మెట్లన్నీ దూకుతూ పరుగెత్తింది. టపా సంచి మూతికి తాడు చుడుతున్నది యలమందే. ఆమె రొప్పుతూ అడిగితే తాడు విప్పి, కవర్లన్నీ వెతికి, ఆమె చేతిరాత ఉన్నది తీసిచ్చాడు.

"ఏమన్నా రాయడం మర్చిపోయారా అమ్మా?"

"అవును, యలమందా" అంది. కవరును గుప్పిట్లో నలిపేసింది. అతను మళ్ళీ తాడు కట్టుకుంటూ, "టీ పెట్టమంటారా? నిన్న పాలు విరిగిపోయినాయి" అన్నాడు.

పైకి వచ్చేసరికి శరభయ్యగారు తెరమీద ఆ ఎడమ మెలికనే చూస్తూ కూర్చున్నారు. ఆమె చేతిలో నలిగిన కవరు చూశారు గానీ దాని సంగతి అడగలేదు.

"ఇది మూడు వందల కోట్ల ఏళ్ళు నడిచొచ్చింది వకుళా, దారిలో మెలి తిరిగిందంటే అర్థముంది" అన్నారు. "యలమంద మాట ఆ పెట్టె దగ్గర్నుంచి నీ దాకా నలభై అడుగులే కదమ్మా నడిచింది."