గుహలో నేర్చుకున్న పాఠం

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు దగ్గర ఒక రాతిగుహ ఉండేదర్రా. దొంగతనాలు చేసినవాళ్ళని అందులో పెట్టేవారు. బడి ఎగ్గొట్టిన పిల్లల్ని కూడా అందులోనే పెట్టేవారు! అది ఏనుగు పెద్దమ్మ చేసిన చట్టం. గుహకి కావలివాడు ఎలుగుబంటి జాంబయ్య. వాకిలికి అడ్డంగా ఉన్న బండని ఆయన తప్ప ఎవరూ జరపలేరు. పెద్దమ్మ చెప్పకుండా జరిపాడో, ఆయనే లోపలికి పోవాలి.

ఒకరోజు పొద్దున్నే పెద్దమ్మ భటులైన నెమళ్ళు చింకి అనే ముంగిస పిల్లని ఈడ్చుకొచ్చాయి. దాని నోట్లో ఇంకా ముళ్ళకంప ఉంది.

"ఇది మళ్ళీ బడి మానింది. లోపలెయ్యి," అన్నాయి. జాంబయ్య వేశాడు.

కాసేపటికి లోపలినుంచి ఏడుపు. "మామా, వదులు మామా! ఇంటికి పోవాలి!"

"అందరూ అనే మాటే. ఊరుకో," అన్నాడు జాంబయ్య.

ఎండ నడినెత్తికెక్కింది. "మామా, అమ్మ వేటకెళ్ళిపోతుంది!"

"బుద్ధిగా బడికి పోయుంటే ఈ పాట్లుండేవా?"

ఆ తరవాత ఏడుపు వినబడలేదు. అదేమిటో, ఏడుపు ఆగేసరికి జాంబయ్య ఉండబట్టలేక లేచాడు. బండ పక్క సందులోంచి తొంగి చూశాడు.

లోపల గుడ్ల దొంగ గుంటనక్క చింకిని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏడిస్తే వదుల్తారటే పిచ్చిదానా? తిండి పెట్టడానికి ముసలాడు బండ జరుపుతాడు కదా, అప్పుడు వేలు కొరికి దూకెయ్. ఏదీ, చెప్పు!"

"వేలు కొరికి దూకెయ్యాలి," అంది చింకి కళ్ళు తుడుచుకుంటూ.

బడికి పోని పిల్ల ఇక్కడెంత శ్రద్ధగా పాఠం అప్పజెబుతోందో చూశారా! జాంబయ్య సందులోంచే పిలిచాడు.

"ఏమే చింకీ, అసలు బడెందుకు మానావే?"

చింకి బిత్తరపోయింది. ఆ మాట దాన్నెవరూ ఇంతవరకూ అడగలేదు మరి.

"కళ్ళు తెరవని తమ్ముళ్ళున్నారు మామా. నాన్న లేడు. అమ్మ వేటకెళ్తే నాదే కాపలా. ఉడుము మా బొరియ చుట్టూ తిరుగుతోంది. వాకిట్లో అడ్డం పెడదామని కంప తెస్తుంటే పట్టుకున్నారు. నేను వచ్చేస్తాననుకుని అమ్మ ఈపాటికి వెళ్ళిపోయుంటుంది!"

జాంబయ్య బండ వంక చూశాడు. జరిపితే రేపు తనే లోపల. జరపకపోతే... ఇంకేం ఆలోచించలేదు. బండ నెట్టి, చింకిని భుజానేసుకుని, నక్క బయటపడేలోగా మళ్ళీ మూసి, పరుగో పరుగు!

వెళ్ళేసరికి ఉడుము తల బొరియలో ఉంది, తోక బయటుంది. జాంబయ్య ఆ తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజి అల్లంత దూరం గిరాటేశాడు. చింకి లోపలికి దూరి తమ్ముళ్ళని ఒక్కొక్కర్నీ మూతితో తడిమింది.

"అందరూ ఉన్నారు మామా!"

అంతలో వెనకాల నేల అదిరింది. నెమళ్ళు కబురు చెప్పాయి కాబోలు, ఏనుగు పెద్దమ్మ! "బండ తీసిందెవరు?"

"నేనే పెద్దమ్మా. నన్ను లోపలెయ్యి. కానీ దొంగకీ, ఈ పసిదానికీ ఒకటే గుహేమిటి? బడెందుకు మానావని మనలో ఒక్కరం అడిగామా? దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడింది ఆ నక్కొక్కటే!"

పెద్దమ్మ బొరియలోకి వంగి చూసింది.

"నిన్నెవరేస్తారులే లోపల," అంది తలెత్తి. "ఇకమీదట పిల్లలెవరూ గుహకి పోరు. బడి మానితే మనమే ఇంటికెళ్ళి ఎందుకో కనుక్కోవాలి. రేపు ఈ వాకిట్లో కాపలా నాది."

మర్నాడు నక్క సందులోంచి అరిచింది. "ఓ ముసలాడా! నా శిష్యురాలేదీ?"

"బడికెళ్ళింది," అన్నాడు జాంబయ్య, తన వేలు చూసుకుని నవ్వుకుంటూ.

నీతి: చిన్న తప్పు చేసిన పిల్లల్ని ముందు ఎందుకని అడగాలి, అడక్కుండా దొంగల మధ్య పడేస్తే, దొంగబుద్ధి మనమే నేర్పినట్టు.