కాబోయే అల్లుడి బండికి దూది ఫిల్టరు

నానమ్మ హాల్లోకి వచ్చి, మోటార్ సైకిల్ ముందు కాఫీ గ్లాసు పెట్టి, "పంచదార సరిపోయిందా నాయనా?" అని అడిగింది చూడండి, సరిగ్గా అప్పుడే నా గుండెల్లో మొదటిసారి కలుక్కుమంది.

ఎందుకంటే శశిధర్ కాఫీ తాగడు. టీ తాగుతాడు.

ఆ మాటే నానమ్మతో అన్నాను. "ముందే చెప్పొద్దా పిల్లా!" అని గ్లాసు తీసేసి టీ పెట్టుకొచ్చింది. బండి అదీ తాగలేదు. "మొహమాటం. కొత్త కదా," అంది నానమ్మ. నాకూ నిజమే అనిపించింది. కానీ ఆ కలుక్కుమన్నది మాత్రం పోలేదు.

మా గురించి మీకు తెలీదు కాబట్టి చెప్తాను. చిలకలూరిపేటలో మాకు పరుపుల కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో దూది ఏకే మిషను. మా ఇంట్లో దూది ఎంత ఉందో తెలివి కూడా అంతే ఉందని మా నాన్న గోవర్ధనం గారి నమ్మకం. కొట్టు మీద "ఆలోచించి కొనండి" అని బోర్డు రాయించారు. ఎవరైనా లోపలికి రాగానే కుర్చీ వేసి, "ముందు ఆలోచించండి," అంటారు. వాళ్ళు కాసేపు కూర్చుని, ఆలోచించి, లేచి వెళ్ళిపోతారు. ఇంత తెలివైన కస్టమర్లు పేటలో ఇంకెవరికీ లేరని నాన్నకి గర్వం.

నాన్న తమ్ముడు పానకాలు బాబాయ్ ఇంకో మెట్టు పైన. ఒకాయన వచ్చి, "మీ పరుపు మీద పడుకుంటే ఒళ్ళే తెలీట్లేదండీ," అన్నాడు. అంతే. బాబాయ్ ఆయన్ని ఆటోలో వేసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్పించి వచ్చాడు. ఇక నేను బీకాం ఫస్ట్ క్లాసు. నా పేరు కుందన. నేను డిగ్రీ పాసైన రోజున, "మన తెలివికి గవర్నమెంటోళ్ళు ముద్ర కూడా వేశారు," అని నానమ్మ వీధంతా చెప్పింది.

ఇంత తెలివి ఉన్నా నాకు రెండు సంబంధాలు చెడిపోయాయి. మొదటిసారి పెళ్ళికొడుకు వాళ్ళ నాన్న, "మొహమాటం లేదండీ, ఇది మా ఇల్లే అనుకుంటాం," అన్నారు. బాబాయ్ వెంటనే చీపురు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. సొంత ఇల్లు కదా, వాకిలి ఊడ్చుకుంటారని. రెండోసారి పెళ్ళికొడుకు మేనమామ, "మీ పులిహోర తింటుంటే ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోందమ్మా," అన్నారు. ఇంకేముంది. నాన్న ఆయన చెప్పులు లోపల దాచి, మిగతావాళ్ళని కారెక్కించి పంపించేశారు. ఆయన కిటికీలోంచి అరుస్తుంటే, "ఆనందం పట్టలేకపోతున్నాడు," అన్నాడు బాబాయ్.

శశిధర్ మూడోవాడు. వాళ్ళది బాపట్ల. చూపులకి వచ్చినరోజు నన్ను ఏమీ అడగలేదు. దూది మిషను ఎలా తిరుగుతుందని అడిగాడు. తిప్పి చూపించాను. తలనిండా దూది అంటుకుంటే దులుపుకోకుండా నవ్వాడు. నాకు ఆ నవ్వు నచ్చింది. బెంగుళూరు ట్రైనింగ్ అవగానే తన బండి మీద నన్ను సూర్యలంక బీచికి తీసుకెళ్తానన్నాడు. ఈ సంబంధం పోకూడదు. నాకు కావాల్సింది అదొక్కటే.

ట్రైనింగుకి వెళ్తూ తన క్రూజర్ బండిని మా ఇంటి దగ్గర వదిలాడు. నల్లగా, పొడుగ్గా, దున్నపోతులా ఉంటుంది. ఆరోజు కుండపోత వాన. బండి నిండా బురద. గేటు పక్కన సైడు స్టాండు వేశాడో లేదో, పక్కింటి శివపార్వతి గారి మేక వచ్చి దాని పక్కన నక్కింది. శశిధర్ దాన్ని చూసి నవ్వి, తాళం నాన్న చేతికిచ్చి, "మామయ్యగారూ, ఈ బండంటే నాకు ప్రాణం. ఇది నేనే అనుకోండి. నన్నెలా చూసుకుంటారో అలా చూసుకోండి," అన్నాడు.

మా ఇంట్లో 'అనుకోండి' అన్న మాట అనకూడదు. ఆ సంగతి పాపం అతనికి తెలీదు.

అంతే. బండి హాల్లోకి వచ్చింది. అమ్మ దానికి హారతిచ్చింది. "అల్లుణ్ణి ఎంతసేపు నిలబెడతాం?" అని నాన్న కొత్త పరుపు పరిచారు. నలుగురం పట్టి బండిని పక్కకి పడుకోబెట్టాం. కాసేపటికి ట్యాంకులోంచి పెట్రోలు కారి పరుపంతా తడిసింది.

నానమ్మ గుమ్మం తలుపు గబగబా వేసేసింది. "ఎవరితోనూ అనమాకండి. అల్లుడి పరువు," అంది.

మర్నాడు శశిధర్ ఫోన్ చేశాడు. "కుందనా, అప్పుడప్పుడు స్టార్ట్ చేసి కాసేపు ఉంచండి, చాలు," అన్నాడు. దూది మిషను తిరుగుతోంది, ఇల్లంతా దూది నుసి ఎగురుతోంది. బండిని లేపి నిలబెట్టి, అలాగే హాల్లోనే స్టార్ట్ చేశాం. రోజూ చేశాం. కాసేపు అంటే ఎంతో చెప్పలేదు కాబట్టి భోజనాల దాకా ఉంచాం. ఒకరోజు బండి ఖళ్ళు ఖళ్ళుమని ఆగిపోయింది.

"జలుబు చేసిందిరా అబ్బాయికి!" అంది నానమ్మ.

ఇంకేముంది. హెడ్‌లైటుకి జండూబామ్ రాశారు. పసుపేసిన నీళ్ళు మరగబెట్టి, బండి మీద దుప్పటి కప్పి, కింద గిన్నె పెట్టి ఆవిరి పట్టించారు. దుప్పటి తీసేసరికి బండి ఒళ్ళంతా చెమటలు. "జ్వరం జారింది," అంది అమ్మ. తాళం తిప్పితే మాత్రం కిక్కురుమనలేదు.

మా వీధి చివర మస్తాన్ అని ఉన్నాడు. బండ్లకి కొత్త హంగులు అమరుస్తాడు. అతనికి ఏ వస్తువు చూపించినా పవర్ పెంచుతానంటాడు. అమ్మ ఒకసారి మిక్సీ బాగుచెయ్యమని ఇస్తే దానికి పవర్ పెంచి ఇచ్చాడు. ఇప్పటికీ కొబ్బరి పచ్చడి మా సీలింగు నుంచే తీసుకుంటాం.

మస్తాన్ వచ్చి, బండి పక్కన మూత విప్పి, దూది నుసి దట్టంగా పట్టిన ముక్క ఒకటి బయటికి లాగాడు. "ఇది గాలి ఫిల్టర్ గోవర్ధనం గారూ. ఇంజనులోకి దుమ్ము పోకుండా ఆపుద్ది. ఇది బండికి ముక్కనుకోండి," అన్నాడు.

అన్నాడా? నానమ్మ వెంటనే చీరకొంగు పట్టింది. "చీదు నాయనా, చీదు."

"ఇది పోయింది పెద్దమ్మా. ఎట్టాగూ మార్చాలి కాబట్టి మంచిది వేసుకోండి. మూడు రకాలున్నయ్. కాగితంది ఉంది. కంపెనీవాళ్ళు ఇచ్చేది అదే."

"కాగితమా?" అన్నారు నాన్న. "ఆయన అల్లుడా, బజ్జీల పొట్లమా?"

"సరే, ఫోమ్ ఉంది."

మా కొట్టు ఎదురుగా ఫోమ్ పరుపుల షోరూమ్ పెట్టినప్పట్నుంచీ మా ఇంట్లో ఆ పేరు ఎత్తరు. నానమ్మ అయితే ఆ షోరూమ్ ఉన్న వైపు తల పెట్టి పడుకోదు కూడా.

"మస్తానూ," అన్నాడు బాబాయ్ మెల్లగా, "ఆడపిల్ల ఉన్న ఇంట్లో అట్టాంటి మాటలు అనమాక."

మస్తాన్ బిత్తరపోయి, "అయితే దూదిది ఉంది. అదే బెస్టు. గాలి బాగా ఆడుద్ది. ఉతుక్కోవచ్చు. కాస్త నూనె పట్టించి మళ్ళీ వేసుకోవచ్చు," అన్నాడు.

నాన్న మొహం వెలిగిపోయింది. "దూదా? ఇంత పెద్ద కంపెనీలు తిరిగి తిరిగి దూది దగ్గరికే వచ్చాయా? దూది సంగతి మాకు చెప్తావా నువ్వు? మేమే చేసుకుంటాం."

"ఇది పల్చటి పొర సార్, గాజుగుడ్డలాగా..."

"పల్చటిదా! అల్లుడికి పల్చటి పరుపు ఇచ్చారని ఊరంతా అనుకోరూ?"

అంతే. మేలురకం దూది తీశారు. మిషన్లో రెండుసార్లు ఏకారు. నాన్న కొలత పట్టారు, బాబాయ్ కూరాడు, అమ్మ కుట్టింది. ఇటుకంత బుజ్జి పరుపు తయారైంది. చుట్టూ కుట్లు, మూలలకి కుచ్చులు.

నాకు మళ్ళీ కలుక్కుమంది. చదువుకున్నదాన్ని, చూస్తూ ఊరుకోలేను కదా. "నాన్నా, ఆగండి. ఇది తప్పు," అన్నాను.

"ఏమ్మా?"

"గలీబు నీలంది. బండి నల్లది. మ్యాచింగు లేదు."

"అదీ డిగ్రీ అంటే!" అన్నాడు బాబాయ్. నల్ల గుడ్డ తొడిగి, జరీ అంచు వేశాం.

ఇక నూనె. కాస్త అన్నాడు గానీ అల్లుడి దగ్గర పిసినారితనం బాగుండదు కదా. నానమ్మ నువ్వులనూనె గోరువెచ్చగా చేసి, ఆ బుజ్జి పరుపుని ముంచి తీసింది. చెయ్యి ఎలాగూ నూనెయింది కదా అని బండి మొత్తానికి తలంటినట్టు పట్టించింది. పరుపుని లోపల దూర్చి, మూత పట్టకపోతే బాబాయ్ దానిమీద కూర్చుని బిగించాడు. తాళం తిప్పితే బండి 'హుక్' అని ఒక్క శబ్దం చేసి ఊరుకుంది.

మస్తాన్ మళ్ళీ వచ్చాడు. మూత తీసి చూసి తల పట్టుకున్నాడు. "దీంట్లోంచి గాలి ఎట్టా పోద్ది సార్? ఇంజనుకి గాలి కావాలి. ఎంత గాలి లోపలికి పోతే అంత బలం. ఈ పరుపు తీసెయ్యండి, నేను పెద్ద గాలి గొట్టం తెస్తా. బయటి గాలి నేరుగా కొట్టేటట్టు పెడదాం. బండి విమానంలా పోద్ది!" అని గొట్టం తేవడానికి గుంటూరు వెళ్ళాడు.

బాబాయ్ గడ్డం గోక్కున్నాడు. "అన్నాయ్, గాలి కోసం గుంటూరు దాకా ఎందుకు? మనింట్లో ఉన్నంత గాలి పేటలో ఎవరింట్లో ఉంది?"

అందరం దూది మిషను వంక చూశాం. అది దూదిని ఏకి, ఫ్యాను గాలితో పక్క గదిలోకి విసిరికొడుతుంది. ఆ గాలి ముందు మనిషి నిలబడలేడు. ఇంకేముంది. పరుపు బయటికి లాగారు. దిండు గలీబులు ఒకదానికొకటి కుట్టి గొట్టం చేశారు. ఒక చివర మిషనుకి, ఒక చివర బండికి కట్టారు. మిషన్లో అప్పటికే డబుల్ కాట్ పరుపుకి సరిపడా దూది వేసి ఉంది. దాన్ని తియ్యమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ తియ్యలేదు.

"కుందనా, మెల్లగా స్విచ్చెయ్యమ్మా," అన్నారు నాన్న.

నేను మెల్లగానే వేశాను. మిషనే మెల్లగా తిరగలేదు.

గొట్టం పాములా లేచింది. బండి ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు ఊగింది. తర్వాత ఏమీ కనపడలేదు, అంతా తెలుపు. నాన్న తుమ్ముతున్నారు, అమ్మ దేవుణ్ణి పిలుస్తోంది, బాబాయ్ "ఇంకా పెంచు!" అని అరుస్తున్నాడు. చివరికి తడుముకుంటూ వెళ్ళి స్విచ్ ఆపాను.

దూది కిందికి దిగింది. ఎక్కడెక్కడ సందుందో అక్కడల్లా బండికి దూది. చక్రాల పుల్లల మధ్య దూది, సీటు కింద దూది. పైన నువ్వులనూనె ఉంది కదా, దానికి అతుక్కుని ఒళ్ళంతా దూది. నల్ల క్రూజర్ కాస్తా తెల్ల గొర్రెపోతులా నిలబడి ఉంది.

నానమ్మ దగ్గరికొచ్చి, నిమిరి, కళ్ళు తుడుచుకుంది. "వచ్చినప్పుడెట్టా ఉన్నాడు, ఇప్పుడెట్టా ఉన్నాడు! ఒళ్ళు చేశాడురా అబ్బాయి."

అప్పుడే నా ఫోన్ మోగింది. శశిధర్.

"కుందనా, ట్రైనింగ్ అయిపోయింది! రాత్రి బస్సెక్కుతున్నా, తెల్లారేసరికి పేటలో దిగుతా. అట్నుంచి అటే సూర్యలంక. రెడీగా ఉండు. బండెలా ఉంది?"

"ఒళ్ళు చేసింది," అన్నాను.

"ఏం చేసింది?"

ఇక దాచలేకపోయాను. కాఫీ నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. జరీ అంచు వేద్దామన్నది నేనేనని కూడా చెప్పాను, కనీసం అదైనా నచ్చుతుందేమోనని.

"కుందనా," అన్నాడు. "నాకు మీరేం చెయ్యక్కర్లేదు. నేను వచ్చేసరికి బండి నేను మీకు ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలి. అంతే. లేదంటే..."

లైను కట్టయింది. ఆ 'లేదంటే' తర్వాత ఏముందో మా ఇంట్లో అందరికీ తెలుసు. రెండుసార్లు చూసినవాళ్ళం.

"భయమెందుకమ్మా?" అన్నారు నాన్న. "ఇచ్చినప్పుడు ఎలా ఉందో నాకు బాగా గుర్తు. గేటు పక్కన ఉంది, తడిసి ఉంది, బురదగా ఉంది."

అంతే, అందరం పనిలో పడ్డాం. బండిని గేటు దగ్గరికి మోసుకెళ్ళాం. సైడు స్టాండు వేశాం. ఇప్పుడు వాన లేదు కాబట్టి బాబాయ్ గోడెక్కి పైపుతో వాన కురిపించాడు. దూది తడిసి ముద్దయింది. పైపైది పీకేశాం. లోపలిది కనపడదు కదా, వదిలేశాం. బురద కోసం అమ్మ తులసి కుండీలో తప్ప మిగతా అన్ని కుండీల్లోనూ మట్టి తీసి కలిపింది. ఆరోజు ఎక్కడెక్కడ బురద ఉందో నేను చెప్తుంటే నానమ్మ అక్కడక్కడే మెత్తింది. అచ్చం ఆరోజులాగే వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. మేక!

ఆరోజు బండి పక్కన మేక ఉంది. దాన్ని చూసే శశిధర్ నవ్వాడు. శివపార్వతి గారిని లేపి అడిగితే, దాన్ని పోయినవారం సంతలో అమ్మేశానన్నారు. ఇప్పుడు వాళ్ళింట్లో ఉన్నది గోధుమరంగు మేక. ఆరోజుది తెల్లది, ఒక చెవి మాత్రం నలుపు.

"దానిదేముంది? దూది ఉంది కదా," అన్నాడు బాబాయ్. నానమ్మ ఇప్పటికే ఆ గోధుమరంగు మేకని పట్టుకొచ్చి నువ్వులనూనె రాస్తోంది. దూది అతికించడానికి నాన్న పక్కనే నిలబడ్డారు. అమ్మ కాటుక డబ్బా పట్టుకుని నా వంక చూస్తోంది, ఏ చెవికి పుయ్యాలో చెప్పమని. ఇంట్లో డిగ్రీ ఉన్నది నాకొక్కదానికే కదా.

నాకేమో గుర్తు రావట్లేదండీ. అది ఎడమ చెవా, కుడి చెవా? తప్పు చెవి నల్లగా ఉంటే ఈ సంబంధం కూడా పోయినట్టే. శశిధర్‌కే ఫోన్ చేసి అడుగుదామంటే, ఆ మాత్రం కూడా గుర్తులేదా అనుకుంటాడేమోనని భయం. పోనీ రెండు చెవులకీ పూసేస్తే? అసలు పూయకపోతే?

బస్సు ఈపాటికి ఒంగోలు దాటి ఉంటుంది. ఇప్పుడు నేనేం చెయ్యాలి? మీలో ఎవరైనా కాస్త తెలివైనవాళ్ళుంటే తొందరగా చెప్పండి.