తలలు లోపలికి తిప్పిన దడి

నీలిగుట్ట పాదంలో, వాగు మలుపు తిరిగే చోట, విశాలమైన పచ్చిక బీడు ఉండేది. కాపరి లేని గేదెల మంద ఒకటి అక్కడ మేసేది. కాపరి లేకపోయినా ఆ మందకు దడి ఉండేది. గుట్ట మీది రేచుకుక్కలు గుంపుగా వేటకు దిగినప్పుడు ఎవరో ఒకరు "దడి!" అని అరిస్తే చాలు, పెద్దవన్నీ పరుగున వచ్చి, తోకలు లోపలికి, కొమ్ములు బయటికి పెట్టి గుండ్రంగా నిలిచేవి. దూడలు నడుమ ఉండేవి. బెదిరిన దుప్పిపిల్ల ఏదైనా లోపలికి దూరితే, 'నువ్వెవరి బిడ్డవు?' అని ఎవరూ అడిగేవారు కారు.

బొల్లి అనే ముసలి గేదె ఆ దడిలోనే పుట్టి పెరిగింది. దాని మొదటి రెండు దూడలూ గాలికుంటు జబ్బుతో పోయాయి. చివరి కాన్పులో పుట్టిన పెయ్యదూడ గవ్వ ఒక్కతే మిగిలింది.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం, రేచుకుక్కలు ఒక దుప్పిని బీడులోకి తరుముకొచ్చాయి. బొల్లి "దడి!" అని అరిచింది. మంద లేవబోయింది. బండరాతి మీద కూర్చున్న గుంటనక్క అడ్డుపడింది.

"ఎందుకమ్మా ఈ ఎండలో పరుగులు? చచ్చేది దుప్పి, మీకేం నష్టం? పడుకున్న చోటే పడుకుని చూడండి. ఆ ముందున్న కుక్క నేర్పు చూశారా? అదిగో, దూకుతుంది... దూకింది!"

మందకు పెద్ద అయిన మెలికకొమ్ముల రాయుడు సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. అతడు కూర్చోవడం చూసి అందరూ కూర్చున్నారు.

ఆ రోజు ఎవరూ నెమరు వేయలేదు. బొల్లి అది గమనించి, ఇంకా సిగ్గు మిగిలే ఉందనుకుంది. రెండో దుప్పి చచ్చినప్పుడు కొన్ని దవడలు ఆడాయి. మూడోసారి ఒక్క దవడా ఆగలేదు. పైగా ఎర్రకళ్ల గేదె పక్కదానితో, "ఇంత తొందరగా అయిపోయిందేమిటే! మొన్నటిదే బాగుంది" అంది.

బొల్లికి ఒళ్లు మండిపోయింది. నేరుగా రాయుడి దగ్గరకు నడిచింది.

"నీళ్లు తాగడానికి వచ్చిన ప్రాణి అది. మన కళ్ల ముందు దాని పొట్ట చీల్చారు. నువ్వు నెమరు వేసుకుంటున్నావు."

"ఏం చేయమంటావు బొల్లత్తా? మనం చంపామా?"

"చంపడానికి చోటు ఇచ్చాం."

"నువ్వు చూడకు. అటు తిరిగి మేసుకో. ఎవరికీ లేని బాధ నీకొక్కదానికే ఎందుకు?"

నక్క రాతి మీద నుంచి ఇకిలించింది. "పెద్దదానివి, వాగు గట్టున చల్లగా పడుకోరాదూ? లోకమంతా మారింది, నీ కోపం ఒక్కటే మారలేదు."

ఆ సాయంత్రం గవ్వ మూతి నిండా నెత్తురుతో వచ్చింది.

"ఎవరిదే అది?"

"చిన్నమ్మ కొడుకు చెవిదమ్మా. రేచుకుక్కల ఆట ఆడాం. నేనే పెద్దకుక్కను!"

"దడి ఆట ఆడేవారు కదే?"

"ఛీ, అందులో ఊరికే నిలబడాలి. అది పిరికివాళ్ల ఆట."

"వాడు ఏడవలేదూ?"

"ఏడ్చాడు. అందరూ నవ్వారు. రాయుడు మామ కూడా నవ్వాడు."

బొల్లి కోపంతో తల విసిరింది. దూడకు తగలకముందే ఆపుకుంది. వాగుకు తీసుకుపోయి మూతి కడిగించింది. నెత్తురు పోయింది కానీ, ఆ లేత కళ్లలోని గర్వం పోలేదు.

మర్నాడు నక్క కొత్త కబురు తెచ్చింది.

"దూరం నుంచి చూస్తే ఏం బాగుంటుంది? రేపు పొద్దెక్కాక కాలు విరిగిన దుప్పి ఒకటి ఇటే వస్తుంది. వెంట రెండే కుక్కలు. మీకు అలవాటైన దడే కట్టండి, కాకపోతే తలలు లోపలికి తిప్పండి. దూడలను మాత్రం మీ వెనక నిలబెట్టండి. పసివాళ్లు ఇలాంటివి చూడకూడదు కదా!"

"చూశావా అత్తా, ఎంత మర్యాద తెలిసినవాడో!" అన్నాడు రాయుడు.

"అందరూ లోపలికే చూస్తుంటే వెనక దూడలను ఎవరు చూస్తారు రాయుడూ?"

"నువ్వున్నావుగా!" అంది ఎర్రకళ్ల గేదె. మందంతా పగలబడి నవ్వింది.

అన్నట్టే దుప్పి వచ్చింది. దాన్నీ వెంట వచ్చిన రెండు కుక్కలనూ నడుమ పెట్టి, మంద దడి కట్టింది. బొల్లి ఒక్కతే బయటికి తిరిగి నిలబడింది. దానికీ మందకూ నడుమ పదకొండు దూడలున్నాయి. దడి లోపల దుప్పి అరిచింది. "ఆ! పట్టింది, పట్టింది!" అని మంద కేకలు పెట్టింది.

అప్పుడే ఎదుటి తుప్పలు కదిలాయి. పద్నాలుగు రేచుకుక్కలు బయటికి వచ్చాయి.

"దడి! ఇటు తిరగండి! దడి!" బొల్లి గొంతు చీలిపోయేలా అరిచింది.

"ముసలిది మళ్లీ మొదలుపెట్టింది" అన్నారెవరో. ఒక్క తలా తిరగలేదు.

నాలుగు దూడలు బొల్లి పొట్ట కిందికి దూరాయి. మిగిలినవి చెల్లాచెదురుగా పరుగెత్తాయి. ఇన్నాళ్లూ అవి ఆడిన ఆటలో ఒకరు తరమడం, మరొకరు పారిపోవడం తప్ప ఇంకేమీ లేదు. అందరికంటే ముందు గవ్వ పరుగెత్తింది.

"గవ్వా! నా దగ్గరికి రా!"

గవ్వ వెనక్కి చూసింది. అప్పటికే మూడు కుక్కలు నడుమకు వచ్చాయి. బొల్లి ఒక అడుగు ముందుకు వేసింది. పొట్ట కింద నాలుగు వెన్నులు వణికాయి. ఇంకో అడుగు వేస్తే ఈ నాలుగూ పోతాయి, వేయకపోతే గవ్వ పోతుంది. బొల్లి వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. కొమ్ములు దించి, మీదికి వచ్చిన కుక్కను ఎత్తి విసిరింది. వాగు వైపు నుంచి "అమ్మా!" అన్న పిలుపు రెండుసార్లు వినిపించింది. మూడోసారి వినిపించలేదు.

దుప్పి చచ్చాక మంద తీరిగ్గా వెనక్కి తిరిగింది. ఏడు దూడలు లేవు. ఎర్రకళ్ల గేదె తన దూడ పేరు పెట్టి పిలుస్తూ బీడంతా తిరిగింది. రాయుడి కొడుకు మాత్రం బొల్లి కాళ్ల సందు నుంచి బయటికి వచ్చాడు.

రాయుడు నక్క మీదికి ఉరికాడు. "మోసం చేశావు! రెండే అన్నావు!"

"మీ ముందుకు రెండే వచ్చాయి కదా!" నక్క అందకుండా రాయి పైకెక్కింది. "వెనక ఎన్ని ఉన్నాయో చూడొద్దని నేను చెప్పానా? చూడమని మీ ముసలిది గొంతు చించుకుంటే నవ్వింది ఎవరు?" అని, రాయి దిగి, మిగిలినది తినడానికి వాగు వైపు వెళ్లిపోయింది.

రాయుడు బొల్లి ముందు తల వంచాడు. "అత్తా, నన్ను ఏమైనా అను."

"నేను అరిచింది నా ఒక్క బిడ్డ కోసమేనా రాయుడూ? నీకు వినిపించింది. వినిపించినా తిరగలేదు. ఇంతకు మించి నేనేమీ అనను. రేపు నీ కొడుకు గవ్వ ఏదని అడిగితే, నీ నోటితో నువ్వే చెప్పు."

పరాయి చావును తీరిగ్గా చూడడం నేర్చిన మంద, సొంత బిడ్డలు చచ్చేటప్పుడు సమయానికి తల తిప్పలేదు.